క్యాన్సర్ ఓపీలో డాక్టరు మాటపై పేషెంట్ల సంతృప్తిని కొలిచేదెట్లా? (వరంగల్, థీసిస్ ప్రశ్నావళి)

#1 హన్మకొండ_పీజీ

అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాన్సర్ ఓపీలో థీసిస్ మొదలుపెడుతున్న. డాక్టరుతో మాట్లాడి బయటికొచ్చిన పేషెంటుకు ఆ మాటామంతీ ఎంత తృప్తినిచ్చింది అన్నది విషయం.

ఇప్పటిదాకా అనుకున్నది ఇది: పేషెంట్ల సంతృప్తిని అడిగే పీఎస్‌క్యూ-18 ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, ఐదు మెట్ల జవాబులతో, ఓపీ హాల్లో 100 మందితో నింపించాలె. మొత్తం స్కోరు సగటు తీసి వయసు, చదువు, ఊరు, ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నదా లేదా అన్నవాటితో పోల్చాలె. ఎథిక్స్ కమిటీకి వచ్చే నెల ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) ఇవ్వాలె.

భయమొక్కటే. ఇట్లాంటి థీసిస్‌లు తిరగేస్తే దాదాపు అందరూ "చాలా సంతృప్తి" దగ్గరనే ఆగుతున్నరు. నాకూ అదే వస్తే దాంతోని డిపార్ట్‌మెంట్ చేసేదేముంటది? ఎక్కడ మార్చాల్నో చెప్పండి.

#2 లెక్కలమాస్టర్_కరీంనగర్

తమ్ముడూ, ముందు సాధనం సంగతి చూద్దాం. పీఎస్‌క్యూ-18 అమెరికాలోని ర్యాండ్ పరిశోధన సంస్థ నుంచి 1994లో వచ్చింది. మంచిదే, కానీ అది అడిగేది మనిషికి అందుతున్న వైద్యం మొత్తం గురించి. 18 ప్రశ్నల్లో డాక్టరు చెప్పిన తీరుకు రెండు, మనిషిగా మెలిగిన తీరుకు రెండు, ఇచ్చిన సమయానికి రెండు. అంటే నీకు పనికొచ్చేవి ఆరు. మిగతా పన్నెండు ఖర్చు, వైద్య నైపుణ్యం, వైద్యం అందుబాటు, మొత్తం మీద అభిప్రాయం. ఆరోగ్యశ్రీలో చూపించుకుంటున్న మనిషిని డబ్బు గురించి, పొద్దున ఆరింటికే టోకెన్ లైన్ల నిలబడ్డ మనిషిని అపాయింట్‌మెంట్ గురించి అడిగితే స్కోరు కదులుతది. కానీ ఆ కదలికకు డాక్టరు మాటతో పనే లేదు.

నీకు కావాల్సింది "ఈ రోజు, ఈ ఒక్క విజిట్" అని అడిగే సాధనం. మూడు ఉన్నయి.

ఒకటి టొరంటోలోని ప్రిన్సెస్ మార్గరెట్ ఆసుపత్రిది. 1999లో క్యాన్సర్ ఓపీ కోసమే తయారుచేసిన్రు. తర్వాత చేసిన మెరుగుదలలో ప్రశ్నలన్నీ రెండు పాయలుగా తేలినయి: డాక్టరు నాకు అండగా ఉన్నడనిపించడం ఒకటి, నన్ను పట్టించుకోలేదనిపించడం ఒకటి. నీ విషయానికి దీనికంటే దగ్గరిది లేదు.

రెండోది కేర్ మెజర్, డాక్టరు ఎంత సానుభూతితో మెలిగిండో కొలిచేది. స్కాట్లాండ్‌లో పుట్టి 2004లో ప్రచురితమైంది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 10 నుంచి 50. "నాకు వర్తించదు" అన్నవి, వదిలేసినవి కలిపి రెండు దాకా ఉన్నా మిగతావాటి సగటుతో పూడ్చి స్కోరు కట్టొచ్చు. రెండు దాటితే ఆ ఫారం పక్కన పెట్టాలె.

మూడోది యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ వాళ్లది. వాళ్ల ఇన్‌పాట్‌శాట్-32 వార్డులో ఉన్నవాళ్లకు. తర్వాత వచ్చిన పాట్‌శాట్-సీ33కి ఓపీ కోసం ఏడు ప్రశ్నల జత ఉన్నది. ఇందులో డాక్టర్లు, నర్సులు, ఆసుపత్రి సేవలు మూడూ వస్తయి. నీకు డాక్టరు ఒక్కరే కావాలంటే ఇది బరువైతది.

దగ్గరిది మొదటిదే అయినా నా ఓటు కేర్‌కు. పది ప్రశ్నలు, నోటితో అడిగితే ఐదారు నిమిషాల పని. దానికి పక్కన సొంతంగా "ఏం జరిగింది" అని అడిగే ప్రశ్నలు పెట్టుకో, కూర్చోమన్నరా, పేరు పెట్టి పిలిచిన్రా లాంటివి. దేన్ని వాడినా తయారుచేసినవాళ్ల అనుమతి మెయిల్‌లో తీసుకుని, ఆ కాగితం ప్రోటోకాల్‌కు జతచేయాలె.

#3 పాలియేటివ్_సిస్టర్

పీజీ గారూ, ప్రశ్నల కంటే ముందు మీ ఫారం పైన ఉన్న హెడ్డింగ్ చూడండి. "క్యాన్సర్ రోగుల సంతృప్తి" అని పెద్దక్షరాలతో ఉంటే అక్కడే సమస్య మొదలవుతుంది.

మన దగ్గర ఓపీకి వచ్చే వాళ్లలో చాలామందికి జబ్బు పేరు తెలియదు. కొడుకుకో అల్లుడికో తెలుసు. తల్లికి మాత్రం "గడ్డ ఉన్నది, మందు ఎక్కిస్తే కరుగుతది" అని చెప్పి ఉంటారు. రేడియేషన్‌ను "కరెంటు పెట్టుడు" అంటారు, బయాప్సీని "ముక్క పరీక్ష" అంటారు. ఈ మాటలతోనే మూడు నాలుగు నెలల చికిత్స నడిచిపోతుంది. అలాంటి మనిషి చేతికి మీ ఫారం ఇస్తే, డాక్టరు చెప్పని సంగతి మీ కాగితం చెప్పినట్లవుతుంది. అదీ హాల్లో, నలుగురి మధ్య, పక్కన ధైర్యం చెప్పే మనిషి లేకుండా.

అందుకని మొదటి ప్రశ్న ఎప్పుడూ తెరిచిన ప్రశ్నే ఉండాలి: "మీ జబ్బు గురించి డాక్టరు మీకు ఏం చెప్పిండ్రు?" జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తర్వాత మీరు నాలుగు గుంపులు చేసుకోవచ్చు: జబ్బు పేరు చెప్పినవాళ్లు, గడ్డ, పుండు లాంటి మాట చెప్పినవాళ్లు, "నాకేం తెల్వదు, మా పిల్లగానికి తెలుసు" అన్నవాళ్లు, మాట దాటేసినవాళ్లు. అక్కడి నుంచి చివరిదాకా ఆ మనిషి వాడిన మాటనే మీరూ వాడాలి. గడ్డ అంటే గడ్డే.

ఈ గుంపు విశ్లేషణలో కూడా పనికొస్తుంది. జబ్బు పేరు తెలియని మనిషి "డాక్టరు అన్నీ వివరించిండు" అని పూర్తి మార్కులు వేస్తే ఆ మార్కులకు అర్థం వేరు. రెండు గుంపుల్నీ కలిపి సగటు తీయకండి.

#4 హన్మకొండ_పీజీ

సిస్టర్, ఇది నా ఆలోచనలకే రాలేదు, థ్యాంక్స్. కానీ సమ్మతి పత్రంల జబ్బు పేరు దాస్తే కమిటీ ఒప్పుకుంటదా? సమాచారం దాచి సమ్మతి తీసుకున్నట్టు కాదా?

#5 ఆంకాలజీ_ఓపీ

అబద్ధం రాయకూడదు, అవసరం లేని మాట రాయనక్కరలేదు. "ఈ ఓపీలో మీరు డాక్టరుతో మాట్లాడిన తీరు గురించి తెలుసుకుంటున్నాం" అన్నది నిజమే. పేషెంటుకిచ్చే పత్రం మీద ఈ పేరు, ప్రోటోకాల్ మీద పూర్తి పేరు. ఎందుకిలా చేస్తున్నామో ఒక పేరా కమిటీకి విడిగా రాయండి. దాచిపెట్టి తీసుకెళ్తే అనుమానిస్తారు, కారణంతో సహా ముందే పెడితే చర్చిస్తారు. పేషెంటు సూటిగా "ఇది క్యాన్సర్ గురించా?" అని అడిగితే ఏం చేయాలో కూడా అందులోనే ఉండాలి. అడిగే మనిషి అవుననీ కాదనీ చెప్పకుండా, ఇంటర్వ్యూ ఆపి, అదే రోజు ఆ డాక్టరు దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో తీసుకెళ్లాలి. ఎవరి దగ్గరికి, ఏ గదికి అన్నది ముందే మాట్లాడి పెట్టుకోండి.

చదువురానివాళ్లకు పత్రం చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి, సాక్షి సంతకం ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఆ సాక్షి నిష్పక్షపాతి అయి ఉండాలంటాయి. అధ్యయనంలో పనిచేసే వాళ్లు సాక్షిగా పనికిరారు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: "చెప్పకపోతే మీ వైద్యంలో ఏం తేడా రాదు" అని. దాన్ని పత్రంలో ఒక లైనుగా వదిలేయకుండా కళ్లలోకి చూసి చెప్పండి. ఫారం నింపకపోతే ఆరోగ్యశ్రీ ఆగిపోతుందేమోనని నిజంగానే భయపడతారు.

#6 తర్జుమా_జనగామ

తర్జుమా వరుస: ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. ఒకరు వైద్యం తెలిసినవాళ్లు, ఇంకొకరు తెలియనివాళ్లు అయితే మేలు. రెండింటినీ కలిపి ఒక ప్రతి. దాన్ని మూలం చూడని ఇద్దరు తిరిగి ఇంగ్లీషు చేయాలి. తేడాలు సర్ది, 10 నుంచి 15 మంది పేషెంట్లతో కూర్చుని ఒక్కో ప్రశ్నకు "నేనేం అడిగిన్నో మీ మాటలల్ల చెప్పండి" అని అడగాలి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. అసలు తప్పులు బయటపడేది అక్కడే.

తెలుగులో దెబ్బతినేది ముఖ్యంగా వ్యతిరేక వాక్యాల దగ్గర. ప్రిన్సెస్ మార్గరెట్ సాధనంలో "పట్టించుకోలేదు" తరహా ప్రశ్నలు ఉన్నాయి. "డాక్టరు నా మాట సరిగా వినలేదు. ఒప్పుకుంటారా, ఒప్పుకోరా?" అని చదివి చూడండి. ఒకామె "లే సార్" అంటుంది. ఏది లేదు? వినలేదా, వినలేదన్నది నిజం కాదా? "ఆఁ" అన్నా అదే తిప్పలు. అడిగే మనిషి తనకు తోచినట్టు టిక్ పెడతాడు. ఇలాంటి నాలుగైదు ప్రశ్నలు తిరగబడితే మీ లెక్కల సార్ దాన్ని కొత్త పాయ అనుకునే ప్రమాదం ఉంది.

వ్యతిరేక ప్రశ్న ఉంచక తప్పదంటే దాన్ని రెండు ఎంపికలుగా అడగండి: "మీరు చెప్తుంటే డాక్టరు పూర్తిగా విన్నరా, నడుమల ఆపిండ్రా?" కానీ ఇలా మార్చితే అది ఆ సాధనం కాదు, మీ సొంత ప్రశ్న. థీసిస్‌లో అలాగే రాయాలి.

ఇంకొకటి, జంట ప్రశ్నలు. "డాక్టరు మీ జబ్బు గురించి, మందుల దుష్ఫలితాల గురించి వివరించారా?" జబ్బు గురించి చెప్పి, వాంతులు, జుట్టు ఊడటం గురించి చెప్పకపోతే జవాబేంటి? విడగొట్టండి. "దుష్ఫలితాలు" అన్న మాట కూడా తీసేసి "మందు ఎక్కించినంక ఏమేం ఇబ్బందులు రావచ్చో" అని అడగండి.

#7 ఫీల్డ్‌వర్క్_ములుగు

జవాబు మెట్ల గురించి. "పూర్తిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను, చెప్పలేను" అని ఐదు చదివితే మూడోది వచ్చేసరికి మొదటిది మరిచిపోతరు. మొహాల బొమ్మలు పెడితే నవ్వే మొహమే ముడుతరు. ఏడ్చే మొహాన్ని ముట్టుడు అపశకునం అనుకునేటోళ్లు కూడా ఉంటరు.

రెండడుగుల పద్ధతి బాగ నడుస్తది. ముందు: "మంచిగ విన్నరా, లేదా?" మంచిగనే అంటే: "మొత్తం మంచిగనా, కొంచెం మంచిగనా?" లేదంటే: "అసలే వినలేదా, కొద్దిగ విన్నరా?" ఎటూ చెప్పకపోతే నడుమది. ఐదు మెట్లు అవే వస్తయి, కానీ ఒక్కసారి రెండే వినాలె.

యాభై దాటినోళ్లకు ఇంకోటి కూడా అర్థమైతది: "రూపాయిల ఎంత? పావలానా, ఆఠానానా, ముప్పావలానా, నిండు రూపాయా?" నాణేల బొమ్మలు ఒక అట్ట మీద పెట్టి చూపియ్యాలె. మనసుల అనుకున్నది టక్కున చెప్తరు. "మంచి డాక్టరే సార్, కానీ ఇయ్యాల ఆఠానా ఇస్త" అనడం మనోళ్లకు తప్పనిపియ్యదు. బాగలేదు అనాల్నంటే నోరు రాదు.

#8 లెక్కలమాస్టర్_కరీంనగర్

రెండడుగుల పద్ధతి సరే, జవాబులు అసలు సాధనంలోని ఐదింటికే చేరుతయి కాబట్టి ఇబ్బంది తక్కువ. రూపాయి అట్ట గురించి మాత్రం జాగ్రత్త. నాలుగు మెట్లు పెట్టి కేర్ స్కోరు 10 నుంచి 50 అని రాయలేవు, వేరే చోటి ఫలితాలతో పోల్చలేవు. ఆ అట్టను మొత్తం విజిట్ మీద ఒకే ఒక్క ప్రశ్నకు, చివర్ల వాడు. అప్పుడు కేర్ స్కోరుకూ రూపాయి జవాబుకూ పొంతన ఉన్నదా అని చూడొచ్చు. పొంతన కుదిరితే అదే ఒక మంచి ఫలితం. చిన్న వయసు వాళ్లు పావలా ముఖం చూసి ఉండరు, వాళ్లకు 25, 50, 75, 100 అని చెప్పాలె.

#9 ఆంకాలజీ_ఓపీ

లెక్కలకు పోయేముందు విజిట్ రకం రాసుకోవడం మరవకండి. నా దృష్టిలో ఇది వయసు, చదువు కంటే ముఖ్యం. కనీసం ఈ ఐదు: మొదటిసారి చూడటం, ముక్క పరీక్ష రిపోర్టు చెప్పడం, కీమో సైకిల్‌కు (ఒక్కో విడతకు) ముందు చూపు, చికిత్స అయ్యాక ఫాలో-అప్, జబ్బు తిరగబెట్టిందనో ఇక కీమో ఆపుదామనో చెప్పే రోజు. సైకిల్‌కు ముందు చూసేది రక్తపరీక్షలు, బరువు, పోయినసారి ఏం ఇబ్బంది వచ్చిందన్నది. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, అందరూ సంతోషంగానే వెళ్తారు. చివరి రకం విజిట్‌లో డాక్టరు ఎంత ఓపికగా చెప్పినా స్కోరు తగ్గొచ్చు. ఆ తగ్గుదల వార్తది. కఠినమైన కేసులన్నీ చూసే సీనియర్‌ను, ఫాలో-అప్‌లు చూసే జూనియర్‌ను ఒకే సగటుతో పోలిస్తే సీనియర్‌కు అన్యాయం జరుగుతుంది.

రెండోది: సంతృప్తి, అర్థం కావడం ఒకటి కావు. కేర్ అయ్యాక మూడు ప్రశ్నలు పెట్టండి, జవాబును ఓపీ చీటీతో సరిచూడండి:

– మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?
– ఇంట్లో వేసుకునే మాత్రల్లో ఏది ఎప్పుడు?
– ఇంటికి పోయాక ఏం జరిగితే ఆగకుండా ఆసుపత్రికి రావాలి?

మూడోది కీమోలో ఉన్నవాళ్లకు ప్రాణం మీది సంగతి. కీమో ఎక్కించిన వారం పది రోజులకు తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. అప్పుడు 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. "డాక్టరు దేవుడు" అని 50కి 50 వేసిన మనిషి ఈ ప్రశ్నకు "జ్వరమొస్తే ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంట" అంటే ఆ కన్సల్టేషన్ పని చేయలేదని అర్థం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉంటేనే డిపార్ట్‌మెంట్ కదులుతుంది.

కన్సల్టేషన్ ఎన్ని నిమిషాలు జరిగిందో తలుపు బయట నుంచి గడియారం చూసి రాసుకోండి. పేషెంటును అడిగితే అంచనా చెప్తారు, అదీ పనికొస్తుంది కానీ విడిగా. వేచి ఉన్న సమయం కూడా అంతే, వేరే గడిలో.

#10 ఫీల్డ్‌వర్క్_ములుగు

ఎక్కడ అడుగుతున్నవన్నది కూడా అంతే ముఖ్యం తమ్మీ. డాక్టరు గది తలుపు ముందట కూసోబెట్టి అడిగితే ఎవరూ ఏం చెప్పరు. మందుల కౌంటర్ లైన్ల అడిగితే వాళ్ల పాణమంతా లైన్ మీదనే ఉంటది. మందులు తీసుకున్నంక, గేటుకు పోయేలోపు ఒక మూలకు రెండు కుర్చీలు, మంచినీళ్లు పెట్టుకో. తెల్ల ఆప్రాన్ వేసుకోవద్దు, మెడల స్టెతస్కోప్ ఉండొద్దు. వార్డు సిస్టర్‌తోని అడిగించొద్దు. నువ్వు ఆ డిపార్ట్‌మెంట్ పీజీవే అయితే నువ్వు అడగనే వద్దు. రేపు మందు ఎక్కించేది నువ్వే అని వాళ్లకు తెలుసు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివే పిల్లలకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి పెట్టుకో.

ఏటూరునాగారం, మంగపేట, మహాముత్తారం దిక్కుకు పోయేటోళ్లు మధ్యాహ్నం దాటితే ఆగరు. బస్సు తప్పితే రాత్రి బస్టాండే గతి. వాళ్లను వదిలేసి హన్మకొండ, కాజీపేట వాళ్లతోని కోటా నింపుకుంటే నీ స్కోరు ఊరోళ్లది కాదు, పట్నపోళ్లది. ఒప్పుకోని ప్రతి మనిషికీ ఒక గీత: ఊరు, ఆడా మగా, ఉజ్జాయింపు వయసు, కారణం. పేరొద్దు. ఎంతమందిని అడిగితే ఎంతమంది చెప్పిన్రో దాంట్లనే కనపడ్తది.

అటెండర్ సంగతి. కొడుకు పక్కనుంటే తల్లి నోరు తెరవదు, కొడుకే చెప్తడు. ఇద్దరికీ వేర్వేరు ఫారం పెట్టు, రంగు మార్చు. "అమ్మతోని నేను మాట్లాడ్త, మీతోని ఈ సారు మాట్లాడ్తడు" అని ఇద్దర్నీ ఒకేసారి రెండు దిక్కుల కూసోబెట్టాలె. ఒకరి తర్వాత ఒకరిని అడిగితే రెండోది మొదటిదాని నకలే. అటెండర్ జవాబును పేషెంటు జవాబు కింద ఎన్నడూ రాయొద్దు.

భాష: మహబూబాబాద్ దిక్కు లంబాడి, ములుగు దిక్కు కోయ, ఆదిలాబాద్ నుంచి వస్తే గోండి, కొలామి. టౌన్ల ఉర్దూ. అందరికీ తెలుగు కొంత వస్తది, కానీ మనసుల మాట తెలుగుల రాదు. లంబాడి, ఉర్దూ రెండింటికన్నా ఆ భాష మాట్లాడే అడిగేటోళ్లను పెట్టుకో. తండా నుంచి వచ్చిన పక్క పేషెంటుతోని అనువాదం చేయించుడు మాత్రం వద్దే వద్దు. సాయంత్రానికి తండ మొత్తానికి తెలుస్తది.

#11 హన్మకొండ_పీజీ

చాలా వివరంగా చెప్పిన్రు. మాస్టర్ గారూ, 100 సరిపోతదా? మా ఓపీలో ఎనిమిది మంది డాక్టర్లు చూస్తరు.

#12 లెక్కలమాస్టర్_కరీంనగర్

ఒక శాతాన్ని 10 పాయింట్ల అటుఇటుగా చెప్పాలంటే 96 మంది చాలు, ఆ 100 అక్కడి నుంచే వచ్చి ఉంటది. 7 పాయింట్లకు 196. 5 పాయింట్లకు 385. కానీ ఈ లెక్కలన్నీ పేషెంట్లు ఒకరితో ఒకరు సంబంధం లేనివాళ్లన్న షరతు మీద. ఒకే డాక్టరు దగ్గర చూపించుకున్న 20 మంది జవాబులు కొంత ఒకే తీరుగ ఉంటయి. ఆ పోలికను 0.05 అనుకుందాం. అప్పుడు 1 + (20 – 1) × 0.05 = 1.95. ఎనిమిది మంది డాక్టర్లకు ఇరవై చొప్పున 160 మందిని అడిగినా, 160ని 1.95తో భాగిస్తే చేతికొచ్చేది 82 మంది బలమే. కాబట్టి 200కు తగ్గకు, డాక్టరుకు 25 చొప్పున. ఒక్క డాక్టరు దగ్గర వంద మందిని పోగేస్తే సంఖ్య పెరుగుతది తప్ప సమాచారం పెరగదు.

ఎవర్ని పిలవాలన్నది నీ ఇష్టానికి వదలొద్దు. టోకెన్ నంబర్ల మీద ప్రతి ఐదో మనిషి అని పెట్టుకో, మొదటి నంబరు చీటీ తీసి నిర్ణయించు. ఓపీ ఉన్న అన్ని రోజులూ రావాలె. రెండేండ్లకోసారి మేడారం జాతర వారం, పత్తి ఏరే రోజులు, నాట్ల రోజులు ఓపీకి వచ్చే మనుషులే మారిపోతరు. డేటా రెండు మూడు నెలలకు పరుచు.

స్కోరు: కేర్ మొత్తం 42 వస్తే (42 – 10) ÷ 40 × 100 = 80. ఇట్ల 0–100కు మార్చుకుంటే వేరే కొలతల పక్కన పెట్టడం తేలిక. పై కొసకు ఒరిగిన లెక్కలకు సగటు మోసం చేస్తది. మధ్యగతం (వరుసల నట్టనడుమ స్కోరు), క్వార్టైళ్లు (వరుసను నాలుగు భాగాలు చేసే స్కోర్లు) ఇయ్యి. దాంతోపాటు పూర్తి 50 వేసినవాళ్ల శాతం విడిగా చెప్పు. అది 15 దాటితే సాధనం పైకప్పుకు తగులుతున్నట్టు. అప్పుడు రెండు గుంపుల నడుమ తేడా లేదు అని రాయకు. తేడా ఉన్నా ఈ సాధనానికి కనపడదు అని రాయాలె.

ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 పైన ఉండాలని అందరికీ తెలుసు. 0.95 దాటితే కూడా అనుమానించు. పది ప్రశ్నలకూ ఒకే జవాబు చెప్పుకుంటూ పోయినవాళ్లు ఎక్కువైతే ఆల్ఫా అట్లనే ఎగురుతది. పదికి పది ఒకే అంకె ఉన్న ఫారాలెన్ని, అవి ఏ అడిగే మనిషి దగ్గర ఎక్కువొచ్చినయి అన్న పట్టిక వారం వారం తీయి. ఒకే పిల్లగాని దగ్గర పోగైతే వాడు మెట్లు చదవకుండ టిక్ పెడుతున్నడని లెక్క. చివర్ల చూసుకుంటే దిద్దుకునే టైముండదు.

#13 తర్జుమా_జనగామ

ఒక సందేహం. పేషెంట్లు మొహమాటంతో ఎక్కువ వేస్తారని, ఏం జరిగిందో అడిగితేనే నిజం తెలుస్తుందని అందరూ అంటున్నారు. అలాంటప్పుడు సంతృప్తి స్కోరు ఎందుకు? జరిగిన విషయాలే అడిగితే పోదా?

#14 పాలియేటివ్_సిస్టర్

పోదు మేడం. కూర్చోమన్నారా, పేరు పెట్టి పిలిచారా, తెర వేసి పరీక్ష చేశారా, మీ ప్రశ్నలకు చోటిచ్చారా అన్నవి అడగాల్సిందే, వాటికి అవును కాదు అన్న జవాబులే నమ్మకమైనవి. కానీ అన్నిటికీ అవును వచ్చి కూడా మనిషి చిన్నబుచ్చుకుని బయటికి రావచ్చు. డాక్టరు చెప్పాల్సినవన్నీ చెప్పారు, కంప్యూటర్ వైపు చూస్తూ, కొడుకుతో చెప్పారు. రొమ్ము గడ్డ ఉన్నావిడ నోట్లో ఉన్న ప్రశ్న నోట్లోనే ఉండిపోయింది. జరిగిన విషయాల జాబితాలో ఇది పడదు. కేర్‌లో "మిమ్మల్ని ఒక మనిషిగా పట్టించుకున్నారా" అన్న తరహా ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. అంత పెద్ద జబ్బులో మళ్లీ ఓపీకి రావాలా, మానేసి నాటుమందు వైపు పోవాలా అన్నది చాలాసార్లు ఆ గదిలో దక్కిన మర్యాద మీదే తేలుతుంది. ఆ మర్యాదను కొలిచే ప్రశ్న తీసేయకండి.

చివర ఒక తెరిచిన ప్రశ్న కూడా: "డాక్టరును ఇంకేమన్నా అడగాల్నని ఉండి అడగలేకపోయిన్రా?" దీనికి మొహమాటం అడ్డు రాదు, ఎందుకంటే ఇందులో డాక్టరు మీద ఫిర్యాదు లేదు. "ఎన్ని రోజులు పనికి పోవద్దు", "పిల్లలకు అంటుకుంటదా", "ఈ మందుకు పథ్యముందా" ఇలాంటివే వస్తాయి. ఇవి పోగుచేసి డాక్టర్లకు చూపిస్తే ఏ స్కోరు కంటే ఎక్కువ పనికొస్తాయి.

#15 ఆంకాలజీ_ఓపీ

సిస్టర్ మాటకు ఒకటి కలుపుతాను. ఫలితాలు డాక్టర్ల పేర్లతో బయటపెట్టకండి. ఎవరికి వాళ్ల అంకె, పక్కన డిపార్ట్‌మెంట్ మొత్తం అంకె, మూసిన కవరులో. ర్యాంకులు గోడకెక్కితే తర్వాతి నెల నుంచి ఫారం ఇచ్చే పేషెంట్లను ఎంచుకోవడం మొదలవుతుంది. ఈ హామీ డాక్టర్లకు రాతపూర్వకంగా ముందే ఇవ్వండి, లేకపోతే సహకరించరు. ఫోన్ నంబర్లు, కోడ్ నంబర్ల పట్టిక వేరే ఫైల్లో తాళంతో ఉండాలి. ఫారం మీద ఆరోగ్యశ్రీ నంబరు గానీ, ఓపీ నంబరు గానీ ఉండకూడదు.

#16 హన్మకొండ_పీజీ

సరే, మార్చిన ప్లాన్ ఇది. పీఎస్‌క్యూ-18 తీసేస్తున్న. కేర్ తెలుగు ప్రతి, రెండడుగుల జవాబులతో. ఏం జరిగింది అన్న ఎనిమిది అవును/కాదు ప్రశ్నలు. చీటీతో సరిచూసే మూడు. చివర్ల రూపాయి అట్ట, అడగలేకపోయిన ప్రశ్న. మొదట్ల "డాక్టరు ఏం చెప్పిండ్రు". విజిట్ రకం, నిమిషాలు, వేచి ఉన్న సమయం అడిగే మనిషే నింపాలె. ఎనిమిది మంది డాక్టర్లు, 25 చొప్పున 200. అటెండర్లకు వేరే రంగు ఫారం, వాళ్ల లెక్క వేరు.

ఒక్కటి మిగిలింది. మళ్లీ అదే పేషెంటును అడిగి జవాబు నిలకడగా ఉందా చూడాలె కదా. కీమో వాళ్లు మళ్లీ వచ్చేది 21 రోజులకు, అప్పటికి ఇంకో కన్సల్టేషన్ అయిపోతది. ఫోన్ చేద్దామంటే నంబరు కొడుకుది. ఎట్ల?

#17 లెక్కలమాస్టర్_కరీంనగర్

నిలకడ చూసే పనికి రేడియేషన్ వాళ్లను తీసుకో. వాళ్లు సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వస్తరు, డాక్టరు వారానికోసారి చూస్తరు. సోమవారం డాక్టరు చూసిన పేషెంటును అదే రోజు అడుగు, మళ్లీ బుధవారమో గురువారమో కరెంటు పెట్టించుకొని వచ్చినంక "సోమవారం నాడు డాక్టరుతో మాట్లాడింది" అని గుర్తుచేసి అదే చోట, అదే మనిషితోని అడిగించు. నడుమ ఇంకో డాక్టరు చూపు జరగదు, రెండు మూడు రోజులకు మొదటి జవాబులు అంకెలుగా గుర్తుండవు, జరిగిన సంగతి గుర్తుంటది. 40 నుంచి 50 మంది చాలు. రెండుసార్ల జవాబులు ఎంత కలిసినయో చూసేందుకు మొత్తం స్కోరుకు ఇంట్రాక్లాస్ కోరిలేషన్, ఒక్కో ప్రశ్నకు వెయిటెడ్ కప్పా అనే లెక్కలు కట్టు. జవాబులన్నీ పై మెట్టు మీదనే గుమిగూడితే మనుషులు నిలకడగ చెప్పినా ఈ రెండూ తక్కువ చూపిస్తయి, అందుకని పక్కన "రెండుసార్లూ అదే జవాబు చెప్పినవాళ్ల శాతం" కూడా పెట్టు. నడుమల ఆ డాక్టరు వార్డులనో వరండాలనో కనపడి మాట్లాడిండా అని రెండోసారి మొదట్లనే అడిగి రాసుకో. మాట్లాడి ఉంటే ఆ ఫారం నిలకడ లెక్కల నుంచి తీసెయ్.